డీజిల్ లెక్క

ఐరాల పక్కన మా పాలసంఘానికి
పదకొండేండ్లు లెక్కలు రాసినాను.
ఎర్ర అట్ట పుస్తకంలో ఒక పేజీ మాత్రం
ఇప్పటికీ చెయ్యి పెడితే తడిగా తగులుతుంది.

తుపాను మూడో రాత్రి.
చిత్తూరు దిక్కున ఒక్క దీపం లేదు.
కరెంటు పోయి తొమ్మిది గంటలు,
జనరేటరు నోరెండి కూర్చోనుంది.
కూలింగ్ ట్యాంకులో వెయ్యిన్నీ ఆరునూర్ల లీటర్లు,
రెండునూట పద్నాలుగు ఇండ్ల సాయంత్రం,
నిదానంగా వెచ్చబడతా ఉంది.

తెల్లారుజామున నాలుక్కు
గిన్నెడు తీసి స్టవ్ మీద పెట్టినాడు కుప్పుసామి.
పొంగలేదు. విరిగింది.
ముగ్గురం ఆ గిన్నెలోకి చూస్తా నిలబడినాం
బాయిలో ఏదో పడితే చూసినట్టు.

మొదట నోరు తెరిచింది నేనే. దాచను.
"సోడా కలిపితే లారీ దాటేస్తుంది.
అక్కడ నూరు ఊర్ల పాలు ఒకటవుతాయి,
ఇది ఎవరిదని అడిగేదెవరు?"
పొట్లం అప్పటికే నా సంచిలో ఉంది.

అంతటితో ఆగినానా?
కుప్పుసామి బయటికి పొయ్యేదాకా ఉండి,
"కాదంటే వాడు నిద్రపోయినాడని రాద్దాం.
వాడికి సంతకం రాదు, వేలిముద్రే" అంటిని.

చెంగమ్మ మా ప్రెసిడెంటు.
నాలుగు ఆవులు, ఐదో తరగతి.
కొంగుతో చేతులు తుడుచుకుంటా అడిగింది:
"పోయిన నెల డీజిలుకు దుడ్లు వద్దనింది ఎవరు?"
నేను గిన్నె వైపు చూసినాను.
"ఎవరబ్బా?"
"నువ్వే."
"పుస్తకంలో ఉందా?"
"ఉంది. నీ సంతకంతోనే."
"మరింకేం ఎదుకుతావు?"

తనే వంగి ట్యాంకు కొళాయి విప్పింది.
వాననీళ్ళ కాలవ తెల్లగా మారి
రోడ్డు దాటి, చెరుకుతోట గట్టు దాటి పోయింది.
ఎంతసేపు పారిందో నేను చూళ్ళేదు.
ఆమె చూసింది. ఇరవైరెండు నిమిషాలు.
అదీ రాయమనింది.

పొద్దున క్యాన్లతో వచ్చినోళ్ళకు
బోర్డు మీద సుద్దముక్కతో:
రాత్రి పాలు చెడిపోయినాయి. పారబోసినాం.
డీజిల్ వద్దనింది నేను. కుప్పుసామి తపు లేదు.
మీ దుడ్లు ఎట్లిస్తామో ఆదివారం చెప్తా.
చెంగమ్మ.

"తప్పు"లో ఒత్తు మరిచింది.
దిద్దబోతే నా చెయ్యి పట్టుకునింది,
"ఉండనీ, అర్థమవుతుంది కదా."

ఆదివారం ఎవరూ చప్పట్లు కొట్టలేదు.
మునిరాజమ్మ కొంగు నడుముకు చెక్కి
కూతురి హాస్టలు ఫీజు లెక్కజెప్పి మరీ తిట్టింది.
ఆమె తిట్టినంతసేపూ చెంగమ్మ నిలబడే ఉంది,
కుర్చీ మాత్రం పక్కనే ఉంది.
తర్వాత చెప్పింది: ఒక్క ఆవు ఉన్నోళ్ళకు ముందు,
రెండున్నోళ్ళకు ఆపైన, నాలుగున్నోళ్ళకు కడాన.
కడాన ఎవరుంటారో అందరికీ తెలుసు,
అయినా ఒకడు, "ఇదంతా నాటకం" అన్నాడు.

ముప్పై ఒక్క ఇండ్లు ఆ వారమే
ప్రైవేటు డెయిరీ వ్యాను ఎక్కినాయి,
లీటరుకు రెండు రూపాయలు జాస్తి.
తొమ్మిదిండ్లు తిరిగొచ్చినాయి.
కుప్పుసామి సంతకం నేర్చుకున్నాడు,
ఎవరు నేర్పినారో నేను అడగలేదు.
ఎన్నికల్లో చెంగమ్మ పంతొమ్మిది ఓట్లతో ఓడిపోయింది.

తాళాలు ఇచ్చేరోజు
డీజిల్ తొట్టిలో కట్టెపుల్ల ముంచి, తీసి,
తడి ఎందాకా ఉందో కొత్త ప్రెసిడెంటుకు చూపించింది.
అంతే. ఉపన్యాసం లేదు.
అనపకాయల మూట చంకనబెట్టి బస్సెక్కింది.

నా సోడా పొట్లం ఇంట్లో అలమర్లోనే ఉండిపోయింది.
మూడు వానాకాలాల చెమ్మకు
గడ్డకట్టి రాయి అయింది.

మొన్న రాత్రి పదకొండుకు కొత్తాయన ఫోను:
"సామీ, చిన్న పొరపాటే, ఎవరూ చూళ్ళేదు.
పుస్తకంలో ఎక్కించాల్నా?"

అలమర తలుపు కొంచెం తెరుచుకొని ఉంది.

"రాయి," అన్నాను.